సిరప్ తాగాలా, బిళ్ల వేసుకోవాలా: ఎలా తేల్చుకోవాలి?

మందుల షాపు కౌంటర్ వెనక నిలబడడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. రోజుకు పదిసార్లయినా వినే మాట ఒకటుంది. "బిళ్లలు వద్దండీ, ఇందులో టానిక్ లేదా?" కాసేపటికే ఇంకొకరు వస్తారు. "సిరప్ ఎందుకండీ, అది పిల్లలకేగా. బిళ్ల ఇవ్వండి, త్వరగా తగ్గుతుంది." ఇద్దరూ అనుకునేది ఒకటే, రెండింట్లో ఒకటి ఎక్కువ బలమైందని. అది నిజం కాదు. సీసాలో ఉన్నా అట్టలో ఉన్నా పారాసిటమాల్ పారాసిటమాలే, ఐరన్ ఐరనే. తేడా వచ్చేది రెండు చోట్ల: మింగే మనిషికి అది పడుతుందా, సరైన కొలతలో ఒంట్లోకి వెళ్తుందా. చీటీ చేతిలో పట్టుకుని మీరు ఏం చూడాలో, ఏ వరుసలో చూడాలో చెబుతాను.

ముందు, మింగే మనిషిని చూడండి

అయిదేళ్ల లోపు పిల్లలకు బిళ్ల ఇచ్చి మింగమనకండి. గొంతుకు అడ్డం పడుతుంది. వాళ్లకు సిరప్, చుక్కల మందు, లేదా నీళ్లలో కరిగే బిళ్ల. ఈ మూడో దాని సంగతి చాలామందికి తెలియదు. అట్ట మీద మందు పేరు పక్కన "డీటీ" అని ఉంటే అది నీళ్లలో వేయగానే కరిగిపోయేది. మూడు నిమిషాల్లోపు కరగాలన్నది దానికి నియమం. విరేచనాలయినప్పుడు ఓఆర్ఎస్‌తో పాటు ఇచ్చే జింక్ బిళ్ల ఇలాంటిదే. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు ఒక 20 ఎంజీ బిళ్ల, రెండు నుంచి ఆరు నెలల పసివాళ్లకు సగం, చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కరిగించి, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వేయాలి. ఇలాంటి బిళ్లకు పగిలే సీసా లేదు, ఒలకదు, కొలత తప్పదు. డీటీ రూపం దొరికే మందయితే పిల్లలకు నేను సిరప్ కన్నా దాన్నే ఇష్టపడతాను.

ఆరేడేళ్లు వచ్చాక చాలామంది పిల్లలు బిళ్ల మింగడం నేర్చుకోగలరు. పెద్దవాళ్లకు మామూలుగా బిళ్లే మేలు. కొలిచే పని లేదు, ఎక్కువ కాలం నిలవ ఉంటుంది, డోసుకు పడే ఖర్చూ సాధారణంగా తక్కువే.

వయసు మళ్లినవాళ్ల దగ్గర ఆగి ఆలోచించాలి. పక్షవాతం వచ్చినవాళ్లకు, చేతులు వణికే పార్కిన్‌సన్స్ జబ్బు ఉన్నవాళ్లకు బిళ్ల దిగడం లేదంటే ఇంట్లోవాళ్లు వెంటనే "సిరప్‌కి మార్చేద్దాం" అంటారు. కానీ మింగడమే దెబ్బతిన్నవాళ్లకు పల్చటి ద్రవం బిళ్ల కన్నా ప్రమాదం కావచ్చు. నీళ్లలా పల్చగా ఉన్నది గొంతులోకి వేగంగా జారి, గాలి గొట్టం మూసుకునే లోపే అటువైపు వెళ్లిపోతుంది. పొలమారడం అంటాం కదా, అదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు దగ్గేసి బయటపడతారు. వీళ్లకు అది ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియా తెస్తుంది. కాబట్టి నీళ్లు తాగినప్పుడు దగ్గు వస్తున్నా, తాగాక గొంతు తడితడిగా, గరగరలాడుతూ వినిపిస్తున్నా, మందు రూపం సంగతి తర్వాత. ముందు డాక్టర్‌కి ఆ లక్షణం చెప్పి, మింగే పరీక్ష చేయించండి. చాలామందికి జావలాంటి చిక్కదనంలో ఇస్తే సురక్షితంగా దిగుతుంది. ఎంత చిక్కగా అన్నది పరీక్ష చేసినవాళ్లే చెప్పాలి.

రెండో పని: ఎంఎల్ కాదు, ఎంజీ చూడండి

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. ఎంఎల్ అంటే పోసే ద్రవం కొలత, ఎంజీ అంటే అందులో ఉన్న మందు బరువు. సిరప్‌లతో జరిగే తప్పుల్లో ఎక్కువ ఇక్కడే జరుగుతాయి.

ఒక వర్షాకాలం రాత్రి, షట్టర్ సగం దించాక, ఒక కుర్రాడు బైక్ ఆపి లోపలికి వచ్చాడు. చేతిలో చిన్న సీసా. "అన్నా, పాపకి జ్వరం. 5 ఎంఎల్ వేయమన్నారు. ఇంట్లో ఇది ఉంది, ఇదే కదా?" అని చూపించాడు. అది పారాసిటమాలే, కానీ చుక్కల మందు. 15 ఎంఎల్ సీసా, మూతకు డ్రాపర్. చీటీ మీద రాసింది సిరప్. "తమ్ముడూ, ఇప్పటికి ఎంత వేశారు?" అని అడిగాను. ఇంకా వేయలేదన్నాడు. అప్పుడు నా గుండె కుదుటపడింది.

ఎందుకంటే లెక్క ఇది. మన దగ్గర పారాసిటమాల్ చుక్కల మందు ఒక ఎంఎల్‌లో 100 ఎంజీ ఉంటుంది. సిరప్‌లు రెండు మూడు రకాలు: 5 ఎంఎల్‌లో 120 లేదా 125 ఎంజీ ఉండేవి, 5 ఎంఎల్‌లో 250 ఎంజీ ఉండేవి. ఆ కుర్రాడు చుక్కల మందును 5 ఎంఎల్ పోసి ఉంటే పాప కడుపులోకి 500 ఎంజీ వెళ్లేది. పెద్దవాళ్లు వేసుకునే బిళ్ల మొత్తం అంత. ఇలాంటి డోసు రోజుకు నాలుగుసార్లు పడితే కాలేయం దెబ్బతింటుంది.

పిల్లలకు పారాసిటమాల్ బరువును బట్టి ఇస్తారు, కిలోకు 10 నుంచి 15 ఎంజీ. పది కిలోల పాపకు ఒక్కసారికి 150 ఎంజీ దాటకూడదు. ఆ 150 ఎంజీ రావాలంటే 125 సిరప్ అయితే 6 ఎంఎల్, 250 సిరప్ అయితే 3 ఎంఎల్, చుక్కల మందు అయితే ఒకటిన్నర ఎంఎల్. మందు ఒకటే, పాప ఒకటే, కొలతలు మాత్రం మూడు. అందుకే డాక్టర్ దగ్గర నుంచి వచ్చేటప్పుడు "ఎన్ని ఎంఎల్?" అని మాత్రమే అడిగి వచ్చేయకండి. "ఎన్ని ఎంజీ? ఏ సీసాతో?" అని అడగండి. మూడు నెలల లోపు పసిబిడ్డకు జ్వరం వస్తే ఏ లెక్కా మీరు వేయకండి, నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మమ్మలు, నానమ్మలు మనవల కోసం ఇక్కడి సిరప్‌లు పెట్టెలో సర్దుకుపోతుంటారు. అక్కడ పిల్లల పారాసిటమాల్ ద్రవం 5 ఎంఎల్‌లో 160 ఎంజీ ఉంటుంది, పేరు కూడా అసిటమినోఫెన్ అని ఉంటుంది. ఇక్కడి 250 సిరప్‌ను అక్కడి కొలతతో పోస్తే డోసు ఒకటిన్నర రెట్లు అవుతుంది. పేరు వేరు కదా అని రెండూ కలిపి ఇచ్చినా అంతే ప్రమాదం. అక్కడికి వెళ్లాక అక్కడిదే వాడండి.

యాంటీబయాటిక్ సిరప్‌లకూ ఇదే జాగ్రత్త. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన పొడి సిరప్ 5 ఎంఎల్‌లో 228.5 ఎంజీ, 457 ఎంజీ అని రెండు బలాల్లో దొరుకుతుంది. డబ్బా బొమ్మ దాదాపు ఒకేలా ఉంటుంది. పోయినసారి వాడిన డబ్బా ఫొటో చూపించి "ఇదే ఇవ్వండి" అనకండి, ఈసారి చీటీ చూపించండి.

బిళ్ల నుంచి సిరప్‌కి మారేటప్పుడు కూడా ఎంజీలు సమానంగా ఉంటే చాలనుకోకండి. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ లాంటి కొన్ని మందుల్లో సిరప్ ఎంజీ, బిళ్ల ఎంజీ సరిగ్గా ఒకటి కావు. ఫిట్స్, గుండె, థైరాయిడ్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా రూపం మార్చవద్దు.

మూడో పని: కొలవడం, తాగించడం

వంటింటి చెంచా పక్కన పెట్టేయండి. టీ చెంచాలన్నీ ఒక సైజులో ఉండవు. ఒకదాంట్లో 3 ఎంఎల్ పడితే ఇంకోదాంట్లో 7 పడుతుంది. సీసాతో వచ్చే మూత పర్వాలేదు గానీ, రెండు మూడు ఎంఎల్ దగ్గర దానితో కచ్చితంగా కొలవలేం. మంచి దారి సిరంజి. నోటితో మందు ఇవ్వడానికే చేసిన ఓరల్ సిరంజి దొరికితే సరే. దొరక్కపోతే కొత్త 5 ఎంఎల్ ఇంజెక్షన్ సిరంజి కొని, సూది, దాని మూత పూర్తిగా తీసేసి, పిల్లలకు అందకుండా పారేసి వాడుకోండి. ఒకసారి తెచ్చుకుంటే కడుక్కుంటూ ఆ సీసా అయిపోయేదాకా వాడొచ్చు.

సీసాను ముందు బాగా కదపండి. కొన్ని మందులు నీళ్లలో కరగవు, పొడిలా తేలుతూ ఉండి అడుక్కి దిగిపోతాయి. కదపకుండా వాడితే మొదటి వారం మందు లేని తీపి నీళ్లు, చివరి వారం చిక్కటి మందు పడతాయి. మొదట్లో జబ్బు తగ్గదు, చివర్లో మత్తు, వాంతులు వస్తాయి. ఫిట్స్ మందు వాడే పిల్లల విషయంలో ఇది చాలా పెద్ద తేడా.

సిరంజిని కంటికి సమానంగా పట్టుకుని గీత చూడండి. పిల్లను కూర్చోబెట్టి, సిరంజి మొనను నాలుక మీద కాకుండా చెంప లోపలి వైపు ఆనించి, కొంచెం కొంచెంగా వదలండి. మింగనివ్వండి, మళ్లీ వదలండి. మన ఇళ్లలో ఒక అలవాటుంది: కాళ్ల మీద పడుకోబెట్టి, ముక్కు మూసి, నోరు తెరవగానే మందు గుమ్మరించడం. దయచేసి ఆ పని చేయకండి. ఏడుస్తూ ఊపిరి పీల్చే క్షణంలో మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాలసీసాలో మందు కలపకండి. సగం తాగి వదిలేస్తే ఎంత మందు పోయిందో చెప్పలేం. ఏడాది నిండని బిడ్డకు తేనెలో రంగరించి ఇవ్వకండి, అందులో ఉండే ఒక రకం బాక్టీరియా పసివాళ్ల పేగుల్లో విషం తయారుచేయగలదు. చేదు పోవాలంటే మందు ఇచ్చాక ఒక చెంచా పాలో నీళ్లో పట్టండి. ఏడాది దాటిన పిల్లలయితే ముందుగా ఒక చల్లటి చెంచా పెరుగు నాకించినా నాలుక రుచి కొంచెం మొద్దుబారుతుంది. కొన్ని యాంటీబయాటిక్‌లకు పాలు, పెరుగు పడవు, మీది అలాంటిదేమో షాపులో అడిగి కనుక్కోండి.

నాలుగో పని: నూరే ముందు అట్ట చదవండి

ఇది మా ఇంట్లో జరిగింది. మా నాన్నకు పక్షవాతం వచ్చి ఇంటికి తీసుకొచ్చిన మొదటి వారం. బీపీ బిళ్ల గొంతు దిగడం లేదని అమ్మ దాన్ని చిన్న రోట్లో నూరి, మజ్జిగలో కలిపి పట్టింది. అది రోజంతా కొంచెం కొంచెంగా విడుదలవ్వాల్సిన బిళ్ల. గంటలో నాన్న చెమటలు పట్టి, కళ్లు తిరిగి, మంచం మీదే ఒరిగిపోయాడు. ఆసుపత్రికి పరిగెత్తాం, బతికి బయటపడ్డాడు. అమ్మ తప్పేమీ లేదు. ఆ బిళ్ల నూరకూడదని ఆమెకు చెప్పాల్సింది నేను. రోజూ పదిమందికి చెప్పే మాట ఇంట్లో చెప్పలేదు. ఆ రోజు నుంచి అలాంటి ప్రతి అట్ట మీదా ఎర్ర పెన్నుతో "నూరవద్దు" అని రాసి ఇస్తున్నాను.

అట్ట మీద మందు పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఎంఆర్, రిటార్డ్ అని ఏది కనిపించినా ఆ బిళ్లను నూరకూడదు, నమలకూడదు. 24 గంటలకో 12 గంటలకో సరిపడా మందు అందులో ఉంటుంది. నూరితే అదంతా ఒక్కసారే రక్తంలోకి వెళ్తుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ కూడా ఈ కోవలోదే. (ఆ బిళ్ల పెంకు కొన్నిసార్లు విరేచనంలో కనిపిస్తుంది. చూసి చాలామంది టెన్షన్ పడతారు. మందు అప్పటికే ఒంట్లో కలిసిపోయి ఉంటుంది, వచ్చింది ఖాళీ తొడుగు.)

ఇంకో రకం, కడుపులో కాకుండా పేగుల్లో కరిగేలా పూత పూసినవి. గ్యాస్‌కి వాడే పాంటప్రజోల్ అలాంటిది. కడుపులోని ఆమ్లం ఆ మందును చెడగొడుతుంది కాబట్టి పైన కవచంలా పూత వేస్తారు. నూరితే కవచం పోతుంది, మందు పనికిరాదు. పూత ఉన్న ఆస్పిరిన్‌లో ఆ పూత కడుపును కాపాడడానికి.

మరి ఏవి విరవచ్చు? మధ్యలో గీత ఉన్న మామూలు బిళ్లను సాధారణంగా ఆ గీత దగ్గర సగం చేయొచ్చు. పూత లేని మామూలు బిళ్లల్లో చాలావాటిని పొడి చేసి చెంచాడు నీళ్లలో కలిపి వెంటనే ఇవ్వొచ్చు. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్న పసిబిడ్డలకు థైరాక్సిన్ బిళ్లను అలాగే ఇప్పిస్తారు. కానీ ప్రతి మందుకూ ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. ఆ ఒక్క ప్రశ్నకు ఏ షాపువాడూ విసుక్కోకూడదు. విసుక్కుంటే షాపు మార్చండి.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నవాళ్లుంటే, సిరప్ దొరికే మందులన్నింటినీ డాక్టర్‌తో మాట్లాడి సిరప్‌కి మార్పించుకోవడం మంచిది. ఒక్కో మందునూ విడివిడిగా ఇచ్చి, మధ్యమధ్య నీళ్లు పంపండి. అన్నీ కలిపి నూరి పంపితే గొట్టం మూసుకుపోతుంది.

బిళ్ల మింగడం రాదంటారా? నేర్చుకోవచ్చు

నలభై ఏళ్లొచ్చినా బిళ్ల మింగలేక టానిక్‌లు అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎక్కువమంది చేసే తప్పు తల వెనక్కి వాల్చడం. దానివల్ల గొంతు బిగుసుకుంటుంది.

జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం వైద్యులు 2014లో రెండు పద్ధతులు పరీక్షించి ప్రచురించారు. బిళ్లకైతే: మెత్తటి ప్లాస్టిక్ సీసా నిండా నీళ్లు తీసుకోండి. బిళ్లను నాలుక మీద పెట్టి, పెదాలు సీసా మూతి చుట్టూ గట్టిగా బిగించి, గాలి చొరబడకుండా నీళ్లు చప్పరిస్తూ ఒక్క గుక్కలో మింగండి. సీసా లోపలికి నొక్కుకుపోవాలి. క్యాప్సూల్‌కైతే: నాలుక మీద పెట్టుకుని, ఒక గుక్క నీళ్లు నోట్లోకి తీసుకుని, గడ్డం ఛాతీ వైపు వంచి మింగండి. క్యాప్సూల్ తేలికగా ఉండి నీళ్ల మీద తేలుతుంది కాబట్టి ముందుకు వంగితే గొంతు వైపు వస్తుంది. మా షాపులో మంచినీళ్ల సీసా ఇచ్చి ఎంతోమంది చేత అక్కడికక్కడే చేయించాను.

ఆరేడేళ్ల పిల్లలకు నేర్పాలంటే మెత్తగా ఉడికిన ఒక సగ్గుబియ్యం గింజతో మొదలుపెట్టండి. జారుడుగా ఉంటుంది, నమలకుండా నీళ్లతో మింగమనండి. పక్కనే ఉండండి, బలవంతం వద్దు. జ్వరంతో ఏడుస్తున్న రోజు కాకుండా ఆడుతూ పాడుతూ ఉన్న రోజు నేర్పండి.

పెద్దవాళ్లు కూడా బిళ్లను రెండు చుక్కల నీళ్లతో మింగేసి పడుకోవడం మానాలి. డాక్సీసైక్లిన్ క్యాప్సూల్, ఎముకల బలానికి వారానికోసారి ఇచ్చే అలెండ్రోనేట్ బిళ్ల ఆహారనాళంలో ఇరుక్కుంటే అక్కడ పుండు చేస్తాయి. నిండు గ్లాసు నీళ్లు తాగి, కనీసం అరగంట నిటారుగా కూర్చోండి.

విటమిన్లు, ఐరన్: రూపం కన్నా వేళ ముఖ్యం

"ద్రవ రూపంలో విటమిన్లు పూర్తిగా ఒంటికి పడతాయి, బిళ్లలు వృథాగా పోతాయి" అని ప్రకటనలు చెబుతుంటాయి. ద్రవం కరగాల్సిన పని లేదు కాబట్టి కొంచెం ముందు మొదలవుతుంది, అంతే. పూత లేని మామూలు బిళ్ల 15 నిమిషాల్లో విడిపోవాలన్నది భారత ఔషధ ప్రమాణం. నెలల తరబడి వాడే విటమిన్‌కి ఆ పావుగంట తేడా లెక్కలోకి రాదు. ఎక్కువ డబ్బు పెట్టి టానిక్ కొనడానికి అది కారణం కాదు.

ఐరన్ సంగతి చూద్దాం. రక్తహీనత తగ్గించే అనీమియా ముక్త్ భారత్ పథకం కింద ప్రభుత్వమే వయసును బట్టి రూపం ఎంచి ఇస్తోంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో ఎంఎల్ సిరప్, అందులో 20 ఎంజీ ఐరన్. అయిదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు వారానికో గులాబీ రంగు బిళ్ల, 45 ఎంజీ. పది నుంచి పందొమ్మిదేళ్ల వాళ్లకు వారానికో నీలం బిళ్ల, 60 ఎంజీ. గర్భిణులకు నాలుగో నెల నుంచి రోజూ ఒక ఎర్ర బిళ్ల, 60 ఎంజీ, కనీసం 180 రోజులు. ఆశా కార్యకర్త తెచ్చిచ్చే ఆ ఎర్ర బిళ్లను "గవర్నమెంట్‌ది కదా" అని అటక మీద పడేసి, బయట ఖరీదైన టానిక్ కొనుక్కునేవాళ్లను చూసినప్పుడు బాధేస్తుంది. లోపలున్నది అదే ఐరన్.

బయట కొనేటప్పుడు పెద్ద అంకె చూసి మోసపోకండి. ఫెర్రస్ ఫ్యూమరేట్ 200 ఎంజీ అని రాసిన బిళ్లలో అసలు ఐరన్ 65 ఎంజీ ఉంటుంది. లేబుల్ మీద "ఎలిమెంటల్ ఐరన్" అని రాసిన అంకెనే పోల్చండి. వేవిళ్లతో బిళ్ల అస్సలు నిలవని గర్భిణికి సిరప్ నప్పవచ్చు, డాక్టర్‌ని అడగండి. సిరప్ అయితే పళ్ల మీద నల్లటి మరక పడుతుంది. స్ట్రాతో తాగి నోరు పుక్కిలించండి, పసివాళ్లకు పళ్లకు తగలకుండా చెంప లోపలి వైపు, కొంచెం వెనగ్గా వేయండి. విరేచనం నల్లగా రావడం మామూలే.

ఏ రూపమైనా ఐరన్‌ను టీ, కాఫీ, పాలతో వేసుకోకండి. కాల్షియం బిళ్లకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి. నిమ్మరసంతోనో, పక్కన ఒక ఉసిరికాయ ముక్కతోనో తీసుకుంటే ఐరన్ బాగా పడుతుంది. థైరాయిడ్ బిళ్ల పరగడుపున వేసుకునేవాళ్లు ఐరన్, కాల్షియం రెండింటికీ నాలుగు గంటలు ఆగాలి.

విటమిన్ డి దగ్గర మాత్రం రూపం, కొలత రెండూ పట్టించుకోవాలి. పసిబిడ్డలకు రోజుకు 400 ఐయూ చుక్కల మందు (ఐయూ అంటే ఇలాంటి విటమిన్లను కొలిచే యూనిట్). ఇది ఒక ఎంఎల్‌లో 400 ఐయూ ఉండేదీ దొరుకుతుంది, 800 ఐయూ ఉండేదీ దొరుకుతుంది, కాబట్టి మొదటిది ఒక ఎంఎల్, రెండోది అర ఎంఎల్. ఆ సీసాతో వచ్చిన డ్రాపరే వాడండి, ఇంకో సీసాది వద్దు. పెద్దవాళ్లకు 60,000 ఐయూ వస్తుంది: క్యాప్సూల్, పాలలో కలిపే పొడి పొట్లం, 5 ఎంఎల్ చిన్న సీసా. మూడూ ఒకటే, ఏది సులువైతే అది తీసుకోండి. కానీ ఇది వారానికోసారి వేసుకునేది, అదీ డాక్టర్ చెప్పినన్ని వారాలే. రోజూ తాగేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తుంది. రుచిగా ఉంటుందని రోజుకొక సీసా తాగిన పెద్దాయన ఒకరు మా షాపుకే వచ్చారు. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి నెయ్యో పాలో ఉన్న భోజనం తర్వాత తీసుకోండి.

గమ్మీల గురించి, అంటే జెల్లీలా నమిలే విటమిన్ల గురించి, ఒక్క మాట. పిల్లలు వాటిని చాక్లెట్లు అనుకుంటారు. అందకుండా దాచండి. ఐరన్ ఉన్నది ఏ రూపమైనా తాళం వేసిన చోటే ఉండాలి. ఒకేసారి చాలా బిళ్లలు మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు.

సిరప్‌లో మందు కాక ఇంకేముంది?

చక్కెర ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లు "షుగర్ ఫ్రీ" అని రాసింది అడగాలి, లేదా బిళ్లకు మారాలి. షుగర్ ఫ్రీ వాటిలో తీపి కోసం వేసే సార్బిటాల్ కొందరికి విరేచనాలు చేస్తుంది. పిల్లలకు రాత్రి సిరప్ తాగించి అలాగే పడుకోబెడితే పళ్లు పుచ్చుతాయి, నీళ్లు తాగించండి. మరోవైపు నీళ్లలో వేసే పొంగు బిళ్లల్లో సోడియం ఎక్కువ, బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు రోజూ వాడకూడదు.

మందును కరిగించడానికి సిరప్‌లలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటివి వాడతారు. వాటిలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిస్తే కిడ్నీలు పాడవుతాయి. 1937లో అమెరికాలో ఇలాంటి మందుతో వందమందికి పైగా చనిపోయారు. 2022లో ఆఫ్రికా దేశమైన గాంబియాలో పిల్లలు చనిపోయారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు చనిపోయారు. ఆ వార్తలు వచ్చిన వారం మా షాపుకు వచ్చిన తల్లుల ముఖాలు నేను మర్చిపోలేను. బిళ్లలో మందును ఇలా ద్రవంలో కరిగించరు కాబట్టి ఈ ప్రమాదం దాదాపు ఉండదు. అలాగని పిల్లలకు అవసరమైన సిరప్‌లన్నీ మానేయమని కాదు. అవసరం లేనివి మానేయమంటున్నాను. రెండేళ్ల లోపు పిల్లలకు జలుబు, దగ్గు సిరప్‌లు ఇవ్వకూడదని, అయిదేళ్ల లోపు వాళ్లకు మామూలుగా సిఫారసు చేయరని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు స్పష్టంగా చెప్పింది. మామూలు జలుబు కొన్ని రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. చీటీ లేకుండా దగ్గు సిరప్ అడగకండి. బిల్లు తీసుకోండి, బ్యాచ్ నంబర్ అందులో ఉంటుంది. సిరప్ మొదలుపెట్టాక పిల్లలకు మూత్రం తగ్గిపోతే, వాంతులు ఆగకపోతే, సీసా చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంట్లో దాచడం

బిళ్లలకు తడి పడదు, సిరప్‌లకు ఎండ పడదు. గుంటూరు ఎండల్లో కారు డాష్‌బోర్డు మీదో, పొయ్యి పక్క అలమరాలోనో పెట్టిన మందు డబ్బా మీది తేదీ దాకా నిలవదు. బిళ్లలను అట్టలోంచి తీసి డబ్బాలో పోసుకోకండి, అట్టతోనే కత్తిరించుకోండి.

పొడి యాంటీబయాటిక్ సిరప్‌కి వేరే పద్ధతి. నీళ్లు తగిలిన దగ్గర్నుంచి ఆ మందు చెడడం మొదలవుతుంది, అందుకే పొడిగా అమ్ముతారు. ముందు సీసాను తట్టి పొడి వదులు చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు సగం పోసి బాగా కదిపి, నురగ దిగాక గీత దాకా పోసి మళ్లీ కదపండి. అమాక్సిసిలిన్, క్లావులనేట్ అయితే ఫ్రిజ్‌లో, ఫ్రీజర్‌లో కాదు, ఏడు రోజులు. మిగిలింది తమ్ముడి కోసమో వచ్చే నెల జ్వరానికో దాచకండి, పారేయండి.

మూత తీసిన ప్రతి సీసా మీదా మార్కర్ పెన్నుతో ఆ రోజు తేదీ రాయండి, ఎవరి మందో పేరు రాయండి, ఒక డోసుకు ఎన్ని ఎంఎలో కూడా రాయండి. రాత్రి రెండింటికి జ్వరంతో పిల్ల ఏడుస్తుంటే, నిద్ర కళ్లతో లేబుల్ మీది చిన్న అక్షరాలు ఎవరికీ కనిపించవు.